సన్యాసం పుచ్చుకోని తండ్రి

కేంద్ర న్యాయ మంత్రిత్వ శాఖకు ఒక తల్లి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర న్యాయశాఖ మంత్రిగారికి, ఆ శాఖ కార్యదర్శులకు,



వీలునామా రాసుకోమన్నారు కదా అని రాయించడానికి వెళ్ళాను. అక్కడ జరిగింది మీకు చెప్పాలనే ఈ ఉత్తరం.

రాసుకోమన్నది మీరు కాదు లెండి, సుప్రీంకోర్టు. హిందూ వారసత్వ చట్టంలోని సెక్షన్ 15ని ప్రశ్నిస్తూ వచ్చిన ఒక పిటిషన్ సందర్భంగా, 2025 నవంబరులో, ఆడవాళ్ళంతా ఆలస్యం చెయ్యకుండా వీలునామా రాసుకోవాలని విజ్ఞప్తి చేసింది. ఆ మాటను నేను తప్పుపట్టను. ఇల్లు కారుతోంది, కింద బిందె పెట్టుకోండి అని చెప్పినవాళ్ళ మీద ఎవరికి కోపమొస్తుంది? కానీ ఆ కప్పు మీది. అది కారుతోందని మీకు నివేదికలు అందుతూనే ఉన్నాయి. బిందెలు పెట్టుకోమని కోర్టు చెప్పేసింది గనక ఇక మన పని లేదన్నట్టు మీరు కూర్చోవడమే నాకు మింగుడుపడటం లేదు.

మా ఊళ్ళో సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుకి ఎదురుగా రేకుల షెడ్డులో ఒక డాక్యుమెంట్ రైటరు కూర్చుంటారు. డెబ్బై దాటినాయన. కంప్యూటర్ మీద కొట్టడానికి మేనల్లుడున్నాడు గానీ, చిత్తుప్రతి మాత్రం ఇప్పటికీ చేత్తోనే రాస్తారు. నేను బిస్కెట్ల రేకు డబ్బా ఒకటి పట్టుకెళ్ళాను. ఫ్లాటు దస్తావేజు జిరాక్సు (అసలు కాగితం లోన్ ఇచ్చిన బ్యాంకు దగ్గర ఉంది), ఎల్‌ఐసీ బాండు, పీఎఫ్ కాగితాలు, పోస్టాఫీసు పాసుపుస్తకం, మా అమ్మాయి జనన ధ్రువపత్రం. నలభై రెండేళ్ళ నా బతుకంతా ఆ డబ్బాలో పట్టింది, మూత కూడా పడింది.

ఆయన మొదలుపెట్టారు. "పూర్తి ఆరోగ్యంతోను, స్థిరచిత్తంతోను, ఎవరి ప్రోద్బలమూ లేకుండా..." నా స్వార్జితమైన ఫ్లాటు నా తదనంతరం నా కుమార్తెకు సర్వహక్కులతో చెందవలసినది అని రాశారు. అంతవరకూ కలం ఆగలేదు. అప్పుడు నేను, "పాప పెంపకం బాధ్యత మా అక్కకి అప్పజెప్తున్నట్టు రాయండి బాబాయిగారూ" అన్నాను.

కలం ఆగింది.

"పాప తండ్రి ఉన్నారా అమ్మా?"

"ఉన్నారు."

"ఎక్కడ?"

"తెలీదండీ. ఆరేళ్ళయింది."

"తెలీకపోయినా ఉన్నారుగా." కళ్ళద్దాలు తీసి పంచె కొసతో తుడుచుకున్నారు. "రాయమంటే రాస్తానమ్మా. కాగితం నీది, సంతకం నీది. కానీ ఆ ముక్క నిలబడదు. ఫ్లాటు నీ ఇష్టం. పిల్ల నీ ఇష్టం కాదు."

నలభై ఏళ్ళుగా అదే రేకుల కింద కూర్చున్న మనిషి ఆయన. లా కాలేజీ మొహం చూడలేదు. కానీ మీ చట్టాన్ని నాలుగు ముక్కల్లో అంత సరిగ్గా చెప్పినవాళ్ళు తర్వాత నాకెవరూ తగల్లేదు.

ఇంటికొచ్చి ఆ చట్టం చదివాను. హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం, 1956. మొత్తం పదమూడంటే పదమూడు సెక్షన్లు. మా అమ్మాయి ఆరో తరగతి సైన్సు పాఠం అంతకంటే పొడుగ్గా ఉంటుంది. సెక్షన్ 6 ప్రకారం బిడ్డకి సహజ సంరక్షకుడు తండ్రి, ఆయన తర్వాత తల్లి. తన తర్వాత బిడ్డకి సంరక్షకులెవరో వీలునామాలో రాసే అధికారం గురించి సెక్షన్ 9 చెబుతుంది. తండ్రి రాయవచ్చు. భర్త పోయిన తల్లి రాయవచ్చు. భర్త బతికి ఉంటే? తండ్రి ఆ హక్కుకి అనర్హుడైపోయినప్పుడు మాత్రమే తల్లి రాయవచ్చు. మరి తండ్రి అనర్హుడెలా అవుతాడు? దానికి సెక్షన్ 6లోనే రెండు దారులు చూపించారు. హిందువు కాకుండా పోవాలి. లేదా లోకాన్ని పూర్తిగా త్యజించి వానప్రస్థుడో, యతో, సన్యాసో అయిపోవాలి.

నా భర్త మతం మారలేదు. సన్యాసం పుచ్చుకోలేదు. ఒక ఆదివారం పొద్దున బండికి పెట్రోలు కొట్టించుకొస్తానని వెళ్ళాడు. మూడో నెలలో ఏదో కొత్త నంబరు నుంచి ఒకసారి ఫోను చేశాడు. పాపకి జ్వరంగా ఉందంటే, "డాక్టరుకి చూపించు" అన్నాడు. ఆ నంబరు మళ్ళీ కలవలేదు.

అయ్యా, కాషాయం కట్టుకుని ఇల్లు వదిలినవాడికి బిడ్డ మీద హక్కు పోతుందన్నారు. ప్యాంటూ షర్టూ వేసుకుని వదిలినవాడికి పోదన్నారు. ఈ తేడా ఎవరి మేలుకోరి పెట్టారు? సన్యాసి కనీసం చెప్పి వెళ్తాడు కదండీ.

ఇంకో సంగతి. అదే సెక్షన్ 9లో నాలుగో ఉపవిభాగం ఉంది. పెళ్ళి కాకుండా తల్లయిన స్త్రీ, బిడ్డ తండ్రి బతికున్నా సరే, వీలునామాలో సంరక్షకుల్ని పెట్టుకోవచ్చు. పెళ్ళికాని తల్లి సంరక్షకురాలిగా గుర్తింపు కోరుతూ కోర్టుకొస్తే బిడ్డ తండ్రి పేరు చెప్పనక్కర్లేదని, అతనికి నోటీసు ఇవ్వనక్కర్లేదని సుప్రీంకోర్టు 2015లో చెప్పింది. ఆ తల్లులకి ఆ హక్కు ఉండాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు. నేనడిగేది వేరు. మూడు ముళ్ళు వేయించుకున్నందుకు నేను పోగొట్టుకున్నది ఈ హక్కేనా? శుభలేఖలో ఎక్కడా రాయలేదే!

"విడాకులు తీసుకోవచ్చుగా" అని మీరు అనబోతున్నారని తెలుసు, ఎందుకంటే అందరూ అంటారు. రెండేళ్ళు వదిలేసి వెళ్తే విడాకులు అడగవచ్చు, నిజమే. ఎక్కడున్నాడో తెలియనివాడికి నోటీసు ఎలా అందించాలి, అందకపోతే పేపర్లో ప్రకటన వేయించాలా, ఎన్ని వాయిదాలకి సెలవు పెట్టాలి, అవన్నీ పక్కన పెట్టండి. రేపు విడాకులు వచ్చాయనే అనుకుందాం. నా ఆస్తికి వారసుడిగా ఆయన పోతాడు, మంచిదే. బిడ్డకి సహజ సంరక్షకుడిగా పోడు. భార్య నుంచి విడిపోయిన మగవాడు తండ్రిగా అలాగే ఉంటాడని మీ చట్టం ఉద్దేశం. ఉండాలి కూడా, ఉండదలచుకున్నవాడు. ఉండకుండా పోయినవాడి సంగతి ఏ సెక్షన్‌లో రాశారు?

ఈ ప్రశ్న మీకు కొత్తేమీ కాదు. 1984లో రచయిత్రి గీతా హరిహరన్ కొడుకు పేరిట రిలీఫ్ బాండ్లు కొందామని తల్లిగా సంతకం పెట్టి దరఖాస్తు చేస్తే రిజర్వు బ్యాంకు తిప్పి పంపింది. తండ్రి సంతకం కావాలంది. పక్కనే ఉన్న తండ్రి, ఆమె సంతకం చాలని ఒప్పుకున్నా కుదరదంది. ఆ తగువు సుప్రీంకోర్టుకెక్కి 1999లో తేలింది. "తండ్రి తర్వాత తల్లి" అంటే తండ్రి చనిపోయాకనే కాదు, తండ్రి దగ్గర లేనప్పుడు, బిడ్డని పట్టించుకోనప్పుడు కూడా అని కోర్టు ఆ మాటకి అర్థం చెప్పింది. చట్టాన్ని కొట్టెయ్యలేదు, సాగదీసింది. చిరిగిన చోట కుట్టు వేసిచ్చింది, కొత్త బట్ట తేవలసిన పని మీకు వదిలింది. మీరు తెచ్చారా? 1989లో లా కమిషన్ తన 133వ నివేదికలో తల్లికీ తండ్రికీ సమాన హక్కు ఇవ్వమంది. 2015లో 257వ నివేదికలో మళ్ళీ అదే అంది. మధ్యలో 2010లో మీకు ఒకసారి మెలకువ వచ్చింది కూడా. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టంలో "తండ్రి" అన్నచోట పక్కన "లేదా తల్లి" అని చేర్చారు. తెల్లవాళ్ళు రాసిన చట్టాన్ని దిద్దిన చెయ్యి, మనం రాసుకున్న చట్టం దగ్గర ఎందుకు ఆగింది?

తీర్పు ఉందిగా, చాలదా అంటారేమో. తీర్పులు లైబ్రరీల్లో ఉంటాయండీ. కౌంటరులో ఉండేది ఫారం. ఫారంలో గడి ఉంటుంది, గడి మీద "తండ్రి/సంరక్షకుడు" అని ఉంటుంది. ఆ గడికి ఇవతల నేనుంటాను, అవతల ఉద్యోగి ఉంటాడు. అతని చేతిలో 1999 తీర్పు ఉండదు, 1956 సెక్షన్ ఉంటుంది. అది కూడా చదివి కాదు, విని.

నేను వెళ్ళి కలిసిన వకీలుగారు మంచిమనిషి. ఆ తీర్పు పట్టుకుని మీ వీలునామాలోని మాట చెల్లుతుందని వాదించవచ్చన్నారు. సరే, వాదించేదెవరు? నేను కాదు. అప్పటికి నేను ఉండను. మా అక్క వాదించాలి. టైలరింగ్ షాపు మూసి, పదకొండేళ్ళ పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని, కోర్టు వరండాలో. నా భర్త హఠాత్తుగా ఊడిపడి "నా బిడ్డ" అంటే చాలు, ఆయన తగడని రుజువు చేసే బరువంతా అక్క నెత్తిన పడుతుంది. తల్లి లేక నాలుగు రోజులు కాని పిల్ల ఆ నెలల్లో ఎవరి ఇంట్లో పడుకుంటుంది? బడికి ఎవరు పంపుతారు? దీనికి మీ పదమూడు సెక్షన్లలో జవాబు ఎక్కడ?

వకీలుగారు ఇంకోటి చెప్పారు, అది విని నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ 1890 చట్టంలో సెక్షన్ 17 ఉంది. సంరక్షకుల్ని నియమించేటప్పుడు, చనిపోయిన తల్లి గానీ తండ్రి గానీ ఏం కోరుకున్నారో కోర్టు లెక్కలోకి తీసుకోవాలని అందులో రాశారు. "అందుకని ఆ ముక్క రాయించండి. నియామకంగా చెల్లకపోయినా, చనిపోయినావిడ కోరికగా పనికొస్తుంది" అన్నారు. అంటే విక్టోరియా రాణి కాలపు చట్టం నా కోరికని చెవినబెడుతుంది. స్వతంత్ర భారత పార్లమెంటు చేసిన చట్టం నన్ను, నీ భర్త సన్యసించాడా అని అడుగుతుంది.

ఇక డబ్బు సంగతి. డబ్బు మాట ఎత్తితే ఆడదానికి ఆశ అంటారని తెలుసు, అయినా లెక్క చెప్పాలి.

వీలునామా లేకుండా నేను రేపు పోయాననుకోండి. వారసత్వ చట్టం సెక్షన్ 15 ప్రకారం నా ఆస్తికి మొదటి వారసులు పిల్లలూ, భర్తా. నాకు ఒక్కతే కూతురు కాబట్టి సగం ఆమెకి, సగం ఆయనకి. పన్నెండేళ్ళు ఈఎంఐ కట్టింది నేను, పెట్రోలు కొట్టించుకు రావడానికి వెళ్ళినవాడికి సగం. మిగిలిన సగం మైనరుది. మైనరు ఆస్తికి సహజ సంరక్షకుడెవరు? మళ్ళీ ఆయనే. స్థిరాస్తి అమ్మాలన్నా, తాకట్టు పెట్టాలన్నా ముందు కోర్టు అనుమతి కావాలని సంరక్షకత్వ చట్టం సెక్షన్ 8 చెబుతుంది, ఆ మాత్రం గొళ్ళెం ఉంది. అది ఇంటికీ పొలానికీ వేసిన గొళ్ళెం. బ్యాంకులో నగదుకి అదీ లేదు.

భర్తా పిల్లలూ లేని ఆడదాని గతి ఇంకా అన్యాయం. పెళ్ళయిన మూడు నెలలకే భర్త పాముకాటుతో పోతే, అత్తింటివాళ్ళు వెళ్ళగొడితే, పుట్టింటివాళ్ళు చదివిస్తే, ఉద్యోగం చేసి సంపాదించుకున్న ఒకావిడ వీలునామా రాయకుండా కన్నుమూసింది. ఆమె కష్టార్జితం వెళ్ళగొట్టిన ఇంటివారికే చెందుతుందని 2009లో సుప్రీంకోర్టు తేల్చవలసి వచ్చింది. సానుభూతి వేరు, సెక్షన్ వేరు అంది. ఆ సెక్షన్ మార్చండని లా కమిషన్ 207వ నివేదిక మీకు అంతకు ముందే, 2008లోనే అందింది. ఇప్పటికీ ఆ సెక్షన్ అలాగే ఉంది. బిందెలు పెట్టుకుంటున్నది మేము.

సరే, బిందె పెట్టుకునే పద్ధతి కూడా చెప్తాను. ఈ ఉత్తరం మీకే అయినా, నాలాంటివాళ్ళు కూడా చదువుతారు కదా. ఫ్లాటుని నేరుగా పిల్ల పేర రాసేస్తే మైనరు ఆస్తి అయిపోయి తండ్రి చేతి కిందకి రావచ్చు. అలా కాకుండా వీలునామాలోనే ఒక ట్రస్టు పెట్టి, మా అక్కని ట్రస్టీ చేసి, పాపకి ఇన్నేళ్ళొచ్చాక ఆమెకి అప్పగించాలని రాస్తే, అప్పటిదాకా ఆస్తి ట్రస్టీ చేతిలో ఉంటుంది. సంరక్షకుడు పాప తరఫున లెక్క అడగవచ్చేమో గానీ తాళం ఆయన చేతికి రాదు. నేను చివరికి అదే చేశాను. వీలునామాకి స్టాంపు కాగితం అక్కర్లేదు, తెల్లకాగితం మీద రాసినా ఇద్దరు సాక్షుల సంతకాలుంటే చెల్లుతుంది, రిజిస్ట్రేషన్ మన ఇష్టం. ఇదంతా అక్కకి చెప్తే, "ట్రస్టంటే గుడికి ఉంటుందే, అదా?" అంది. అవునక్కా, నువ్వు ధర్మకర్తవి, హుండీ మాత్రం లేదు.

నవ్వుకున్నాం గానీ, ఈ దారి ఎంతమందికి తెలుస్తుంది? నాకు ఓ వకీలు దొరికారు, ఆయనకి ఇవ్వడానికి ఫీజు దొరికింది. మా అపార్ట్‌మెంట్‌లో నాలుగిళ్ళలో పనిచేసే ఆవిడ భర్త కూడా వెళ్ళిపోయాడు. ఆవిడకున్నది గ్రామంలో రెండు సెంట్ల స్థలం, డ్వాక్రా పొదుపు, చెవులకి కమ్మలు. ఆమె కొడుక్కి ట్రస్టీని మీరు వెతికిపెడతారా?

నామినీల గందరగోళం గురించి ఎక్కువ రాయను, అది పూర్తిగా మీ శాఖది కాదు. ఒక్క ముక్క చెప్పి వదిలేస్తాను. 2025 నవంబరు 1 నుంచి బ్యాంకు ఖాతాకి నలుగురు నామినీల దాకా పెట్టుకోవచ్చన్నారు. నలుగురూ ఎందుకండీ, నాకున్న ఒక్క నామినీ మైనరు. ఆ డబ్బు ఆమె తరఫున ఎవరు తీసుకోవాలో ఆ కాగితంలోనే రాసుకోవచ్చని బ్యాంకుకెళ్ళిన మూడోసారి గానీ ఎవరూ చెప్పలేదు. బీమాలోనూ అంతే, మైనరు నామినీకి "అపాయింటీ" అని ఒకరిని పెట్టాలి. ఆ గడి ఖాళీగా వదిలేసిన పాలసీలు ఎన్ని బీరువాల్లో ఉన్నాయో!

అయితే ఆ బిస్కెట్ల డబ్బాలోనే నాకో విచిత్రం దొరికింది. ఉద్యోగుల భవిష్యనిధి స్కీములో, అంటే మన పీఎఫ్‌లో, "కుటుంబం" అనే మాటకి ఇచ్చిన అర్థంలో ఒక చిన్న వీలు ఉంది. స్త్రీ ఉద్యోగి తన భర్తని కుటుంబం నుంచి మినహాయించదలిస్తే కమిషనరుకి రాతపూర్వకంగా తెలియజేస్తే చాలు. కారణం అడగరు. కోర్టు అక్కర్లేదు. సన్యాసం ఊసే లేదు. ఒక్క ఉత్తరం. పీఎఫ్ డబ్బు ఎవరికి వెళ్ళాలన్న విషయంలో ఒక ఆడమనిషి మాటని నమ్మవచ్చని ఈ దేశంలో ఒక గుమాస్తా ఫైలు ఎప్పుడో ఒప్పుకుంది. బిడ్డ ఎవరి దగ్గరికి వెళ్ళాలన్న విషయంలో మీ శాఖ ఎందుకు ఒప్పుకోదు?

మీ పక్క శాఖలవాళ్ళు కూడా ఒక్కొక్కరే కదిలారు. 2016 డిసెంబరు నుంచి పాస్‌పోర్టు దరఖాస్తులో తల్లిదండ్రుల్లో ఒకరి పేరు చాలు. 2018లో పాన్ కార్డువాళ్ళు, తల్లి ఒక్కతే పెంచుతున్న బిడ్డకి తండ్రి పేరు తప్పనిసరి కాదన్నారు. కేంద్రప్రభుత్వ మహిళా ఉద్యోగులు విడాకుల కేసో, గృహహింస కేసో నడుస్తుంటే కుటుంబ పింఛనుకి భర్త కంటే ముందు పిల్లల్ని పెట్టుకోవచ్చని 2024 జనవరిలో పింఛన్ల శాఖ అవకాశమిచ్చింది. తెలంగాణలో 2017 నుంచి "ఒంటరి మహిళ" అని ఒక పేరు పెట్టి పింఛను ఇస్తున్నారు. కొవిడ్ కాలంలో, 2021లో, బతికి ఉన్న ఒక్క తల్లినో ఒక్క తండ్రినో కోల్పోయిన పిల్లలకి కూడా 23 ఏళ్ళు వచ్చేసరికి 10 లక్షలు అందేలా పీఎం కేర్స్ పథకం పెట్టారు. అంటే బిడ్డకి అండగా ఒక్క మనిషే ఉండవచ్చునని, ఆ ఒక్కరూ పోవచ్చునని సర్కారుకి తెలుసు. పాస్‌పోర్టు కౌంటరుకి తెలిసింది, పాన్ కార్డుకి తెలిసింది. సర్కారు వకీలు మీరే కదా, మీకు తెలియకపోవడమేమిటి?

ఇది నా ఒక్కదాని ఇంటి గొడవ అనుకుంటే పొరపాటు. గోదావరి జిల్లాల్లోనూ కడప వైపూ ఒకసారి తిరిగి చూడండి. ఇంటిపనికి కువైట్ వెళ్ళిన తల్లులున్న ఊళ్ళు ఎన్నో ఉన్నాయి. మొగుడు తాగుడుకో, ఇంకో ఇంటికో పోతే, పిల్లల్ని అమ్మమ్మ దగ్గర వదిలి విమానమెక్కినవాళ్ళు. మా అమ్మ వాళ్ళ వీధిలోనే ఒకామె ఉంది, ఎనిమిదేళ్ళుగా ఇద్దరు మనవల్ని సాకుతోంది. బడిలో ప్రోగ్రెస్ రిపోర్టు మీద ఆవిడ వేలిముద్ర, రేషను కార్డులో ఆవిడ పేరు, టీకాల కార్డు ఆవిడ కొంగుముడిలో. రాత్రిళ్ళు కూతురు వీడియో కాల్ చేస్తే పిల్లలిద్దరూ ఫోను కోసం కొట్టుకుంటుంటారు, ఈవిడ వెనకాల నిలబడి "అన్నం తిన్నారని చెప్పండ్రా" అంటుంది. ఆ కూతురికి అక్కడ ఏదైనా అయితే, ఈ అమ్మమ్మకి ఆ పిల్లల మీద చట్టం ఇచ్చే కాగితం ఏది? అక్కడి నుంచి రావలసిన జీతం బకాయిలు వస్తే, ఎనిమిదేళ్ళుగా గుమ్మం తొక్కని తండ్రి సంతకంతో వెళ్ళిపోతే, అడ్డుకోవడానికి ఆవిడ దగ్గరున్నది ఆ వేలిముద్రలేనా?

హిందూ చట్టం గురించే ఇంతసేపూ మాట్లాడాను, నాకు తగిలింది అది కనక. మా పై ఫ్లోర్‌లో ఉండే ముస్లిం సోదరికి బిడ్డ ఆస్తి మీద తల్లిగా సంరక్షకత్వమే లేదు, కోర్టుకెళ్ళి తెచ్చుకోవాలి. వారసులు ఒప్పుకోకపోతే వీలునామా కూడా ఆస్తిలో మూడో వంతుకు మించి నడవదు. ఆమె నా వీలునామా చూసి, "నువ్వే నయం" అంది. ఎవరి చట్టం ఎవరికి నయమో తేల్చుకుంటూ ఇద్దరు తల్లులు మెట్ల మీద కూర్చోవాల్సి రావడం మీ శాఖకి గౌరవమా?

మీ అభ్యంతరం నాకు తెలుసు. తండ్రి హక్కుని ఒక కాగితంతో ఎలా తీసేస్తాం? కోపంతో, కక్షతో మంచి తండ్రిని కాదని రాసే తల్లులు ఉండరా? ఉంటారు. అందుకే తండ్రిని తీసెయ్యమని నేను అడగడం లేదు. బిడ్డ క్షేమమే అన్నిటికంటే ముఖ్యమని మీ సెక్షన్ 13 అంటోంది కదా, దానికి నేనూ దణ్ణం పెడతాను. తల్లి రాసిన పేరుకి తండ్రి అభ్యంతరం చెబితే కోర్టు విననివ్వండి. కానీ కోర్టుకెక్కవలసిన బరువు ఎవరిదో మార్చండి. ఇప్పుడు పెంచినవాళ్ళు వెళ్ళి, వదిలేసినవాడు తగడని రుజువు చెయ్యాలి. దాన్ని తిరగెయ్యండి. వదిలేసినవాడే వచ్చి, ఇన్నేళ్ళూ ఎక్కడున్నాడో, బడి ఫీజు ఏ నెల కట్టాడో, పిల్ల ఏ తరగతి చదువుతోందో చెప్పి, తాను తగినవాణ్ణని నిరూపించుకోనివ్వండి. తేలేదాకా పిల్లని తల్లి చూపించిన ఇంట్లో ఉండనివ్వండి.

అందుకు సెక్షన్ 6లో "తర్వాత" అన్న ఒక్క మాట మారాలి, సెక్షన్ 9లో తల్లికి పెట్టిన ఆ సన్యాసపు షరతు పోవాలి. వారసత్వ చట్టం సెక్షన్ 15లో, వదిలేసి వెళ్ళిన భర్తకీ కలిసి కాపురం చేసిన భర్తకీ తేడా తెలియాలి. ఈ పని పార్లమెంటులో ఒక మధ్యాహ్నంలో అయిపోతుంది. బిల్లు చిత్తుప్రతి రాయడానికి మనిషి కావాలంటే మా ఊళ్ళో రేకుల షెడ్డు కింద ఒకాయన ఉన్నారు, చేత్తో రాస్తారు, అక్షరాలు గుండ్రంగా ఉంటాయి.

ఆయన దగ్గరికి నేను మళ్ళీ వెళ్ళాను. చెల్లదన్న ఆ ముక్క కూడా వీలునామాలో రాయించాను. "నా కుమార్తె నా అక్కగారి వద్దనే పెరగవలెనని నా కోరిక" అని రాశారు. "కోరిక" అన్నచోట "నిర్ణయం" అని రాయమన్నాను. ఆయన కాసేపు నా వంక చూసి, కోరిక కొట్టేసి నిర్ణయం అని దిద్దారు, పక్కన నాచేత పొట్టి సంతకం పెట్టించారు. సాక్షులుగా మా స్కూలు టీచర్లు ఇద్దరొచ్చారు. రిజిస్టర్ చేయించి తెచ్చి బిస్కెట్ల డబ్బాలోనే పెట్టాను. డబ్బా ఎక్కడుంటుందో మా అమ్మాయికి చూపించాను. "అమ్మా, ఇందులో బిస్కెట్లెప్పుడూ ఉండవా?" అంది.

ఆమెకి పద్దెనిమిదేళ్ళు నిండేది 2033లో. నాకు బీపీ ఉంది, మాత్రలు మానకుండా వేసుకుంటున్నాను. మీ చట్టం మారేదాకా నా బిడ్డకి నేను చెయ్యగలిగిన ఖాయమైన ఏర్పాటు అదొక్కటే.

జవాబు కోసం ఎదురుచూస్తూ,

ఇట్లు,
ఒక మైనరు బాలిక తల్లి